రొయ్యల మీద వేసిన నింద

కోట,
సోమవారం

నా బంగారు మనవరాలు అబిగయీలుకి, అవ్వ ఎలిశబెతు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది ఏమంటే,

నేను బాగుండాను. మోకాళ్లు, కళ్లు, గుండె దడ, ఈ మూడూ వదిలేస్తే బాగుండాను. ఫోన్లో నువ్వు మాట్లాడేది సగం వినపడదు. ఆ వినపడని సగంలో ఏముండాదో అని తెల్లార్లూ భయం. అందుకే ఉత్తరం రాస్తా ఉండా. నువ్వు గూడా కాయితం మీదే రాయి. కాయితమైతే రెండోసారి చదువుకోవచ్చు.

మన పక్కింటి మస్తానమ్మ కూతురు నెల్లూరులో మీ ఆస్పత్రికి వొచ్చి నిన్ను చూసిందంట. నీ కళ్లు ఎర్రగా వాచి ఉండాయంట. ముక్కు చీదతా ఉండావంట. పలకరిస్తే చేతులు వెనక్కి దాచుకున్నావంట. "ఏడ్చినట్టుండాది పెద్దమ్మా" అనింది మస్తానమ్మ. ఎవరమ్మే వాడు? ఏ ఊరోడు? నేనేమీ అననులే, చెప్పు. లేకుంటే ఆ ఇన్‌చార్జి ఏంజెలిన్ సిస్టరా నిన్ను ఏడిపిస్తా ఉండేది? నీకు ఉద్యోగం పర్మినెంటు అయ్యేదాకా ఎవరికీ ఎదురు చెప్పబాక. నర్సు కావాలని చిన్నప్పుడు కోడిపిల్లకి కట్టు కట్టినదానివి. ఆ ఉద్యోగం పోతే నువ్వు బతకలేవని నాకు తెలుసు.

ఇట్లు,
మోకాళ్లు వంగకపోయినా నీకోసం ప్రార్థన మానని
నీ అవ్వ

తా.క.: స్త్రీల కూడికలో నీ సంగతి ఏమీ చెప్పలేదు. "నా మనవరాలి కన్నీళ్లు తుడువు ప్రభువా" అని మాత్రం ప్రార్థన చేయించినాను. పేరు చెప్పలేదు. నాకుండేది ఒక్కతే మనవరాలని ఊరంతటికీ తెలిస్తే అది నా తప్పా?

* * *

నెల్లూరు,
శుక్రవారం

ప్రియమైన అవ్వకి, అబి ముద్దులతో రాస్తున్నది.

అవ్వా, వాడూ లేడు, వీడూ లేడు. నేను ఏడవడం లేదు. నాకు దురద.

ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీ వేసినప్పటినుంచి చేతులు దురద పెట్టి, దద్దుర్లు లేస్తున్నాయి. తుమ్ములు, కళ్లలో నీళ్లు. ఈమధ్య ఒకటి రెండు సార్లు ఊపిరిలో కూడా పిల్లికూతలు వచ్చాయి. (కంగారుపడకు. ఈ మాట నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.) సెలవు రోజు అన్నీ మాయం. మళ్లీ డ్యూటీ ఎక్కితే అన్నీ హాజరు. ఏంజెలిన్ సిస్టర్‌కి ఇది నాటకంలాగా కనిపిస్తోంది. "పనిరోజు మాత్రమే వచ్చే జబ్బు నా సర్వీసులో చూడలేదు తల్లీ. జీతం రోజు కూడా తుమ్ముతావా?" అని అందరి ముందూ అంది. థియేటర్‌లో నిలవలేకపోతే నన్ను పర్మినెంట్ చేయరు అవ్వా. నాకు ఉన్న భయం అదొక్కటే.

చర్మం డాక్టరు కరుణాకుమారి గారికి చూపించాను. ఆమె నవ్వలేదు. "సెలవులో తగ్గుతుందంటే నాటకం కాదు, పనిచేసే చోటే ఏదో పడటం లేదన్నమాట" అన్నారు. సబ్బా, స్పిరిటా, గ్లౌజులా, మందులా అనేది తేల్చాలి. గ్లౌజులు కాదేమో అనుకుంటున్నాను, అవి వేసుకోనప్పుడు కూడా థియేటర్‌లో తుమ్ములు వస్తున్నాయి కదా. వారం సెలవు పెట్టి ఇంటికెళ్లి, ఎలా ఉంటుందో చూసి రమ్మన్నారు. వస్తున్నాను. నీ కంటి ఆపరేషన్ సంగతి కూడా అప్పుడు మాట్లాడుకుందాం, ఈసారి తప్పించుకోలేవు.

ఇట్లు,
గోక్కుంటూ రాస్తున్న
నీ అబి

తా.క.: సంఘపెద్ద క్రీస్తురాజు అంకుల్ ఫోన్ చేసి "ఆ అబ్బాయి బాప్తిస్మం తీసుకున్నాడా?" అని అడిగారు. ఏ అబ్బాయి అవ్వా?

* * *

కోట,
ఆదివారం, ఆరాధన అయినాక

అబిగయీలుకి అవ్వ రాసేది,

దురదా! ముందే చెప్పకూడదా? దురద గురించి ఈ ఊళ్లో నన్ను మించి తెలిసినోళ్లు ఎవరుండారు?

నువ్వు చిన్నపిల్లప్పుడు నేను రొయ్యల షెడ్డుకి పోయేదాన్ని గదా. గ్లౌజులేసుకుని రొయ్యలు ఒలిచే పని. కొన్నాళ్లకి నా చేతులు గారెలు పొంగినట్టు పొంగినాయి. మొకం గూడా. గ్లౌజులుండంగానే ఇట్లుంటే, అవి గూడా లేకుంటే ప్రాణమే పోయుండును. రొయ్య మన రక్తానికి పడదని ఆరోజే తేల్చుకున్నాను. పని మానేసినాను, తినడం గూడా మానేసినాను. కోటలో పుట్టి రొయ్య తినని మనిషిని నేనొక్కదాన్నే. మస్తానమ్మ రొయ్యలు వేపుతుంటే కిటికీ మూసుకుంటాను. వాసనకే ఏడుపొస్తాది, అది దురద వల్లనో, ఆశ వల్లనో నాకే తెలియదు.

నీకొచ్చింది నా రక్తమే. నెల్లూరులో రొయ్యలు తినని రోగి ఎవడుంటాడు? తిన్నోళ్లని నువ్వు ముట్టుకుంటా ఉండావు. ఇంకేం కావాల? నువ్వు రా. ఇంట్లోకి రొయ్య మీసం గూడా రానీను. మస్తానమ్మ చేత షెడ్డు నుంచి గ్లౌజుల పెట్టె తెప్పించి పెట్టినాను. అంట్లు తోమినా, గుడ్డలుతికినా, నిద్రపోయినా అవి వేసుకోవాల్సిందే. డాక్టరమ్మకి చెప్పబాక, చిన్నబోతాది.

ఇట్లు,
నీ జబ్బు కనిపెట్టేసిన
అవ్వ

తా.క.: నీకోసం అరిటి గెల దించినాను. నేను తిననులే, నోరంతా జిల పుడతాది. అరిటిపండు తింటే అందరికీ నోరు దురదే గదా, ఈ జనం ఎట్లా ఓర్చుకుని తింటారో.

* * *

కోట,
శనివారం

అమ్మా అబీ, అవ్వ రాసేది,

నువ్వు ఇంజక్షన్ చేయించుకుని ఆటో ఎక్కి పోయినప్పటినుంచి నాకు అన్నం దిగలేదు. చేరినావా? మొకం వాపు తగ్గిందా? ఊపిరి ఆడతా ఉండాదా?

వొచ్చిన మొదట్లో నున్నగా ఉండావు గదమ్మా, తుమ్ము గూడా లేదు. "వద్దు అవ్వా" అంటా ఉన్నా నేనే పోరు పెట్టి గ్లౌజులు తొడిగితిని. అంట్లు తోమినావో లేదో దద్దుర్లు. "ఇంకా గట్టిగా కాపాడాల" అని పడుకునేటప్పుడు గూడా తొడిగితిని. తెల్లారేసరికి కళ్లు మూసుకుపోయి, ఎగశ్వాస! నేను చూసి అరిచిన అరుపుకి వీధి లేచింది.

ఎట్లా జరిగిందో కనిపెట్టినాను. మస్తానమ్మ షెడ్డు నుంచి అదే చీరతో వొచ్చి మన చాప మీద కూర్చుంది. రొయ్య అట్లా ఇంట్లోకి దూరింది! మొకం మీదే అడిగేసినాను. "నీ మనవరాలిని నేనేం చేసినాను పెద్దమ్మా, నీ పిచ్చి నాకు అంటించబాక" అని కొంగు దులుపుకుని పోయింది. ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. చాప తగలబెట్టినాను.

ఇట్లు,
నిన్ను కాపాడలేకపోయిన
అవ్వ

తా.క.: మిగిలిన గ్లౌజులు నీ సంచిలో పెట్టినాను. డ్యూటీలో రెండేసి వేసుకో.

* * *

నెల్లూరు,
గురువారం

మా మంచి అవ్వకి, అబి దండాలు పెట్టి రాస్తున్నది.

అవ్వా, నాకు తగ్గింది. అన్నీ తేలాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. ముందు ఒక చోట కూర్చో. కూర్చుని చదువు.

జరిగిందంతా డాక్టరు గారికి చెప్పాను. మొహం ఎలా వాచిందో వింటూ భయపడ్డారు గానీ, నిద్రలో గ్లౌజుల దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వారు. "మీ అవ్వ ఇంట్లో స్పిరిట్ ఉందా? థియేటర్ సబ్బు? మందులు?" అని అడిగారు. ఏవీ లేవన్నాను. "మరి ఆస్పత్రిలోనూ, అవ్వ ఇంట్లోనూ ఉన్నది ఏది?"

గ్లౌజు అవ్వా. రబ్బరు చెట్టు పాలతో చేసే గ్లౌజు.

ఊరికే అనుకుంటే చాలదని పరీక్ష చేశారు. ఏమన్నా అయితే చూసుకోవడానికి మందులన్నీ పక్కన పెట్టుకుని, ముంజేతి మీద ఆ రబ్బరు పాల మందు చుక్క వేసి సూదితో చిన్నగా గీరారు. కాసేపటికే పెద్ద దోమ కుట్టినట్టు లేచింది. రక్తపరీక్షలో కూడా అదే వచ్చింది. మరి వేసుకోనప్పుడు తుమ్ములెందుకంటే, గ్లౌజుల లోపల పౌడరు ఉంటుంది. పక్కవాళ్లు విప్పినప్పుడల్లా ఆ పౌడరు రబ్బరుని మోసుకుని గాల్లోకి లేస్తుంది. నేను పీలుస్తాను.

డాక్టరు గారు కాగితం రాసిస్తే ఏంజెలిన్ సిస్టర్ మొదట పైకీ కిందకీ చూసింది. తర్వాత తనే థియేటర్‌లోని పౌడరు గ్లౌజుల పెట్టెలన్నీ మోసుకుపోయి, రబ్బరు పాలు లేని నీలం గ్లౌజులు తెప్పించింది. "జీతం రోజు మాట మర్చిపో తల్లీ" అంది నాతో, చాలా మెల్లగా. వారమైంది. తుమ్ము లేదు. నువ్వు అంత మొండిగా తొడక్కపోతే, సబ్బులు మార్చుకుంటూ ఇంకెన్నాళ్లు తిరిగేదాన్నో. బతికించావు అవ్వా. ఇంకెప్పుడూ అలా బతికించకు.

ఇట్లు,
హాయిగా ఊపిరి తీసుకుంటున్న
నీ అబి

తా.క.: నీ షెడ్డు కథ, అరటిపండు కథ డాక్టరు గారికి చదివి వినిపించాను. ఆవిడ నవ్వడం ఆపేశారు. కంటి ఆపరేషన్‌కి ముందు నిన్ను తప్పకుండా తీసుకురమ్మన్నారు. అప్పటిదాకా గ్లౌజులు ముట్టుకోకు, నీ అంతట నువ్వు కొత్తగా ఏదీ తినిచూడకు. మస్తానమ్మ అత్తకి ఒక క్షమాపణ, ఆమె కూర్చుందని తగలబెట్టినందుకు ఒక చాప బాకీ ఉన్నావు.

* * *

కోట,
సోమవారం, కడుపునిండా తిని

నా ప్రాణదాత అబిగయీలుకి, అవ్వ ఎలిశబెతు ఆనందబాష్పాలతో (ఇవి దురద నీళ్లు కాదు) రాసేది ఏమంటే,

నెల్లూరు నుంచి క్షేమంగా చేరినాను. బస్సులో నా పక్కనుండే పిల్లోడు బుడగ ఊదతా ఉంటే, "అది రబ్బరు నాయనా, అవతలికి పట్టుకో" అని డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పినాను. బస్సంతా నాకేసి చూసినారు. చూడనీ.

డాక్టరమ్మకి ఎన్ని దండాలు పెట్టినా తీరదు. నా ముంజేతి మీద రెండు చుక్కలేసింది గదా, ఒకటి రబ్బరుది, ఇంకోటి రొయ్యది. రొయ్య చుక్క దగ్గర ఇంత పొంగుతాదని కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకుంటిని. తెరిచి చూస్తే పొంగింది రబ్బరుది! రొయ్యది నున్నగా, పసిబిడ్డ చెంప మాదిరి ఉండాది. నమ్మలేదు నేను. "మీరు చుక్కలు తారుమారు చేసినారు" అన్నాను. పాపం, కోప్పడలేదు. రెండోరోజు వండిన రొయ్యలు తెప్పించి, ఆస్పత్రిలోనే తన ముందు కూర్చోబెట్టుకుని, ముందు గోరంత ముక్క, ఆగి ఇంకొంచెం, ఆగి ఒక రొయ్య తినిపించింది. నువ్వు నా నాడి పట్టుకుని నిలబడితివి. చచ్చిపోతాననుకుని నీకు నా కమ్మలు ఇస్తానని చెప్పినాను, ఆ మాట ఇప్పుడు లెక్కలోకి రాదు.

ఏమీ కాలేదు! ఇన్నేళ్లూ నన్ను పొంగించింది గ్లౌజు, నేను నింద వేసింది రొయ్య మీద. అరిటిపండు దురద గూడా ఆ రబ్బరు చుట్టరికమేనంట. నువ్వు చేతులు వాచి బాధపడకుంటే ఈ సంగతి తెలియకుండానే నేను కంటి ఆపరేషన్ బల్ల ఎక్కి ఉందును. ఆ గ్లౌజుల చేతులే నా కంట్లో పడి ఉండును. ఇప్పుడు నా చీటీ మీద ఎర్రసిరాతో "రబ్బరు పడదు" అని రాసినారు. నీ బాధలోనుంచి నా కన్ను కాపాడినాడు దేవుడు. ఏంజెలిన్ సిస్టర్‌కి నా వందనాలు చెప్పు. నీ పర్మినెంటు కాయితం ఆమే స్వయంగా తెచ్చి నా చేతికిచ్చినప్పుడు, ఏమనాలో తెలియక ఆమె చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. నీలం గ్లౌజు వేసుకునుంది, ఏమీ కాలేదు.

నిన్న ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినాను. దేవుడికి, డాక్టరమ్మకి, మస్తానమ్మకి, చివర్న రొయ్యలకి, అందరికీ కృతజ్ఞతలు చెప్పినాను. క్రీస్తురాజు రొయ్యల దగ్గర "ఆమేన్" అనాలా వద్దా అని తటపటాయించి అనేసినాడు.

సాయంత్రం మస్తానమ్మకి కొత్త చాప తీసుకుపోయినాను. తీసుకోలేదు. "ముందు కూర్చుని తిను పెద్దమ్మా" అని అదే చాప పరిచి, రొయ్యల వేపుడు పెట్టింది. ఇద్దరం ఏడ్చుకుంటా తిన్నాం. ఇంట్లోకొచ్చి కిటికీ తెరిచి పెట్టినాను. ఇంక దాన్ని మూసేది లేదు.

ఇట్లు,
అన్నిటికీ, అందరికీ రుణపడిన
నీ అవ్వ

తా.క.: నిన్ను ఏడిపించే అబ్బాయి ఎవడూ లేడని కూడికలో ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. అంత గట్టిగా ప్రార్థన చేసినాము, ఊరికే పోకూడదంట. అందుకని ఇప్పుడు "ఒకడిని పంపించు ప్రభువా" అని మార్చినారు. రబ్బరు వ్యాపారం చేసేవాడు మాత్రం వద్దని నేను కలిపినాను.