అంచు చీలిన తట్ట

మంగళవారం, అశోక్‌నగర్ గది

పొద్దున నారాయణగూడ అడ్డా మీద కూలి కోసం నిలబడి ఉంటే సాయన్న భార్య లక్ష్మక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా ఊళ్లో కట్టెల డిపో సేటును చంపాడని సాయన్నకు యావజ్జీవం పడి రెండేళ్లయింది. హత్య జరిగిన మధ్యాహ్నం చాయ్ తర్వాత అతను స్లాబు పని వదిలి వెళ్లాడని కోర్టు నమ్మింది. ఆ పనిలో కాంక్రీటు తట్టలు అందించుకునే వరుసలో అతని పక్కన ఉన్నది నేను. నన్ను ఒక్కడూ అడగలేదు. నేనూ నోరు తెరవలేదు. పోలీసులకు భయపడి ఇక్కడికి వచ్చేశాను, సిగ్గులేనోణ్ని.

అక్కకు చదువు రాదు. అయినా ఆ వరుసలోని పద్నాలుగు మందిని ఎవరి తర్వాత ఎవరో చెప్పింది. అందరినీ కలిసిందట. నేనే ఆఖరు.

"చాయ్ తాగినంక గూడ నీ పక్కన ఆయనే ఉన్నడా తమ్మీ?"

"మొహాలు ఎవడు చూస్తడక్కా. చేతులే కనిపిస్తయి."

"గా చేతులే చెప్పు."

అప్పుడు గుర్తొచ్చింది. ఒక ఇనుప తట్ట అంచు చీలి కత్తిలా ఉండేది. సాయన్న ప్రతిసారీ ఆ చీలిక తన వైపు తిప్పుకుని నాకు అందించేవాడు. అతని చోట ఇంకొకడు వచ్చి ఉంటే నా చేయి తెగేదే. స్లాబు అయిపోయేదాకా ఒక్కసారీ తెగలేదు.

అది చెబితే అక్క ఏడవలేదు. చిక్కడపల్లిలో వకీలు దగ్గరికి నడిపించుకుపోయింది. కోర్టు దీన్ని లెక్కలోకి తీసుకుంటుందో లేదో ఆయనకే తెలియదట. అన్నీ రాసుకుని నన్ను చూశాడు.

"ఇన్నేండ్లు ఏడ పోయినవ్?"

నా బదులు అక్కే చెప్పింది.

"ఆడు ఈడనే ఉన్నడు సారూ. నేనే ఆలస్యంగ వచ్చిన."