సాక్షి సంతకం

అక్కయ్యకు, నేను క్షేమం. చేతులు వణకడం లేదు.

నాలుగేళ్ళ కిందట రద్దయిన నా నర్సు లైసెన్సు సోమవారం తిరిగి ఇచ్చారు. నిన్న డ్యూటీలో చేరాను. రోగికి ఇవ్వగా మిగిలిన నొప్పి మందును ఇద్దరు నర్సులు చూస్తుండగా పారబోసి, ఇద్దరూ సంతకం చేయాలి. దాన్ని దాచి, నాకు నేనే సూది పొడుచుకుని, ఆ మత్తుకు బానిసనయ్యే కదా చెడ్డాను! అప్పుడు నా మీద ఫిర్యాదు రాసిన హెడ్ నర్సే నిన్న సిరంజి పట్టుకుని కేకేసింది.

"ఇటు రావయ్యా పెద్దాయనా! సగం మిగిలింది, పారబోస్తున్నా. చూసి సంతకం పెట్టు."

"నేనా?"

"కాదు, మీ తాత! లైసెన్సు గోడకి తగిలించుకోడానికి ఇచ్చారనుకున్నావా?"

చుక్క లేకుండా పోయేదాకా చూసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

నా తెల్ల బూట్లు అటక మీద ఉంటే పంపు. బావగారు పాత కాగితాలవాడికి వేయకుండా వదిలిన నా పుస్తకాలుంటే అవీ పంపు. నీ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు ఆశీస్సులు.

లైసెన్సు పోయినప్పుడు కవరు అంటించి రాశాను. ఇది కావాలనే పోస్టుకార్డు మీద రాస్తున్నాను. "వాడికి మళ్ళీ సూది ఇస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అని ఊరంతా చాటిన బావగారికి నా నమస్కారాలు చెప్పి, నలుగురూ ఉన్నప్పుడు దీన్ని ఆయన చేతే పైకి చదివించు.

నీ తమ్ముడు