నా చేత కాదని చెప్పిన రోజు

టీచరమ్మా, వందనాలు. మీరు మమ్మల్ని విడిచి పది నెలలైంది.

నేను ఎస్తేరును. నాగర్‌కర్నూల్ బోర్డింగులో మీ దగ్గర తొమ్మిదేళ్లు చదివిన తెలకపల్లి ఎస్తేరును. మీకు జ్వరమన్న ఉత్తరం నాకు అందేసరికే మిమ్మల్ని సమాధి చేసి నాలుగు రోజులైంది... ఆ జ్వరంలో మీ పక్కన ఎవరున్నారు? నుదుటి మీద తడిగుడ్డ వేయడానికి మన పిల్లల్లో ఒక్కరైనా ఉన్నారా? ఎవరిని అడిగినా సరిగ్గా చెప్పలేదు.

ఏడుస్తూ రాయకూడదనే ఇన్నాళ్లు ఆగాను. ఇప్పుడు మీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది.

వనపర్తి డాక్టరమ్మ దగ్గర రెండేళ్లు కాన్పుల పని నేర్చుకున్నాను కదా. మీరు పోయిన నెలకే ఆమె నన్ను కొత్తకోటలో ఉద్యోగానికి పంపింది. చిన్న దవాఖాన. ఒక కాంపౌండరు, నేను, అంతే. మా అమ్మ వచ్చి నా తెల్లచీర కొంగు వేళ్లతో పట్టుకుని చూసింది. ఆ మరుసటి రోజు ఆమె మళ్లీ జొన్నచేలో కలుపుకు పోయింది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున దవాఖాన ముందు ఎద్దుల బండి వచ్చి ఆగింది. దగ్గరి పల్లె పటేల్ ఇంటి బండి. పటేల్ భార్య లక్ష్మమ్మకు నొప్పులు మొదలయ్యాయట. అంతకుముందు ఇద్దరు బిడ్డలు ఆమెకు కాన్పులోనే పోయారు.

అదే బండిలో వాళ్ల ఇంటికి పోయాను. పటేల్ తల్లి మాణిక్యమ్మ నన్ను వాకిట్లోనే ఆపింది.

"ఎవరి బిడ్డవే నువ్వు?"

ఆమె ఏమడుగుతున్నదో నాకు తెలుసు. ఒకప్పుడైతే తల వంచుకుని కాలి వేలితో నేల గీసేదాన్ని. బోర్డింగుకు కొత్తవాళ్లు ఎవరొచ్చినా లేచి నిలబడి, వాళ్ల ముఖం చూసి పేరూ ఊరూ చెప్పాలని మీరు మాతో ఎన్నిసార్లు చెప్పించారో...

"నా పేరు ఎస్తేరమ్మా. మాది తెలకపల్లి. దవాఖాన నర్సును. చేతులు కడుక్కోవాలె, జర వేన్నీళ్లు పెట్టియ్యున్రి," అన్నాను.

ఆమె పక్కకు జరిగింది.

లక్ష్మమ్మ కడుపు మీద చెయ్యి వేసి చూశాను. బిడ్డ తల కింద లేదు. కుడి పక్కన గట్టిగా చేతికి తగిలింది. అడ్డం తిరిగిన బిడ్డ. ఉమ్మనీరు ఇంకా పోలేదు. అలాంటి బిడ్డను డాక్టరమ్మ సరిచేస్తుంటే రెండుసార్లు పక్కన నిలబడి చూశాను. నా చేతులతో ఒక్కసారీ చేయలేదు.

మీ దగ్గర దాచేదేముంది? ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. చూశాను కదా, చేయలేనా అనిపించింది. ఈ ఇంట్లో, ఈ మనుషుల ముందు చేసి చూపిస్తే...

అప్పుడే మరియ కళ్లు గుర్తొచ్చాయి. నాకు పదకొండేళ్లప్పుడు మన బోర్డింగు పిల్ల మరియకు కండ్లకలక వస్తే, అలమారలో ఉన్న కంటి మందు తెమ్మని మీరు నన్ను పంపారు. ఏ సీసానో తెలుసా అని అడిగితే తెలుసన్నాను. తెలియదు. చేతికి అందిన సీసా తెచ్చాను. మీరు మూత తీసి వాసన చూశారు. కొట్టలేదు. నన్ను దగ్గరికి తీసుకుని అడిగారు. "తెల్వదని చెప్తే నేను కొడ్తనా బిడ్డా? తెల్వకుండ తెస్తే ఈ పిల్ల కండ్లు పోవా?"

బయటికి వచ్చి పటేల్‌తో చెప్పాను. "ఇది నా చేత కాదయ్యా. వనపర్తికి తోల్కపోవాలె. ఇప్పుడే."

మాణిక్యమ్మ మీద పడ్డట్టే మాట్లాడింది. "చేతకానిదానివి ఎందుకొచ్చినవ్? నొప్పులు పడే పిల్లను బండిల వేస్కపోతరా? తొవ్వల ఏమన్నయితే నువ్వు జవాబిస్తవా?"

"ఇస్తనమ్మా. ఇంట్ల ఉంటే ఇద్దరి పానాలు దక్కవు. నేను ఆమె పక్కనే కూసుంట."

పటేల్ నా ముఖంలోకి చూశాడు. అమ్మ మాట కాదని ఆయన ఎన్నడూ నడుచుకోలేదట. బండి కట్టమన్నాడు.

గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి లక్ష్మమ్మను పడుకోబెట్టాం. ఆ బండిలోనే గడియారం చూసుకుంటూ నొప్పులు ఎంతెంత సేపటికి వస్తున్నాయో, నాడి ఎలా ఉందో కాగితం మీద రాస్తూ పోయాను. రోజూ సాయంత్రం మాతో మూడు లైన్లు రాయించేవారు కదా మీరు... "చేసింది రాయి, చూసింది రాయి, అనుకున్నది రాయొద్దు." అప్పుడు అది మాకు శిక్షలాగే ఉండేది. సగం దారిలో లక్ష్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. వనపర్తి వచ్చేదాకా వదల్లేదు. తొవ్వలో ఏమన్నా అయి ఉంటే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తుంది.

మధ్యాహ్నానికి చేరాం. డాక్టరమ్మ మొదట నా కాగితం చదివింది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లోపలికి పోయింది. నన్నూ పిలిచింది. ఆమె బిడ్డను తిప్పుతుంటే నా చెయ్యి తన చేతి మీద పెట్టించుకుంది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆగాలో అలా చూపించింది.

ఆడపిల్ల. ఏడవడానికి కొంచెం సేపు పట్టింది గానీ, ఏడ్చింది. తల్లీ బాగుంది.

మాణిక్యమ్మ మారిపోయిందని రాస్తే మీరు నమ్మరు. నేనూ రాయను. ఆ ఇంటికి పోతే ఇప్పటికీ నాకు నీళ్లు పైనుంచే పోస్తుంది. కానీ పోయిన వారం వాళ్ల దాయాదుల కోడలికి నెలలు నిండుతుంటే, తనే బండి పంపి నన్ను పిలిపించింది. అందరూ వింటుండగా, "ఈమె అయితదంటే అయితది, కాదంటే కాదు. చెప్పినట్టు ఇనున్రి," అన్నది. దోసిట్లో నీళ్లు తాగుతూ ఆ మాట విన్నాను. సంతోషపడాలో, బాధపడాలో తెలియలేదు... రెండూ పడ్డాను. మీరైతే ఏమనేవారు?

టీచరమ్మా, వచ్చే నెల హైదరాబాదులో నాకు మంత్రసాని పని సర్టిఫికెట్ పరీక్ష ఉంది. డాక్టరమ్మే పేరు రాయించింది. అడిగేవాళ్లు ఉర్దూలో అడుగుతారట. మీరు నేర్పిన ఉర్దూకు దుమ్ము దులుపుతున్నాను. భయం లేదు.

పరీక్ష కాగానే నేరుగా నాగర్‌కర్నూల్ వస్తాను. పాసైతే మీ సమాధి దగ్గర నిలబడి చెప్తాను. కాకపోయినా వస్తాను. అదీ నేనే చెప్తాను.

మీ బిడ్డ,
ఎస్తేరు