ఎవరూ ఎత్తని చెయ్యి

ఏలూరు, 2004 ఆగస్టు, మంగళవారం

అధ్యాపకుల్లో ఎవరికి ఏ మేరకు కంప్యూటర్ శిక్షణ కావాలో కనుక్కుని పంపమని యూనివర్సిటీ వాళ్ళు అడిగితే, ఆ పని అయిదు నిమిషాల్లో ముగించేశాను. మధ్యాహ్నం గూడెంలో మా కాలేజీ స్టాఫ్ మీటింగులో లేచి, "మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకోవాల్సిన వాళ్ళుంటే చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. నాకు సంతోషం కూడా వేసింది. బేసిక్స్ ఎవరికీ అక్కర్లేదని రాసి, అప్పటికప్పుడు ఫ్యాక్స్ చేయించాను.

ఏలూరు తిరిగొచ్చే బస్సులో బోటనీ కరుణమ్మ మేడం నా పక్కన కూర్చున్నారు. మా స్టాఫులో సగం మందిమి, నాతో సహా, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళమే.

"నాకు ఆ మిషను ఆన్ చెయ్యడం కూడా రాదు బాబూ" అన్నారు భీమడోలు దాటాక, మెల్లిగా.

"మరి చెయ్యెత్తలేదేమండీ?" అన్నాను.

"ఎవరో ఒకరు ఎత్తితే నేనూ ఎత్తుదామనుకున్నాను. వాళ్ళేమో నా వంకే చూస్తూ కూర్చున్నారు."

రేపు ప్రిన్సిపాల్ గారిని అడిగి ఇంకో ఫ్యాక్స్ పంపవచ్చు. కానీ అందులో ఎవరి పేరని రాయను...

ఆవిడ క్లాసులో ఒక్కనాడూ "ఎవరికి రాలేదు?" అని అందరి ముందూ అడగలేదు. ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోపు దగ్గర నేను తడబడుతుంటే, చప్పుడు కాకుండా వచ్చి వెనక నిలబడి, ఏమీ అనకుండా ఫోకస్ సరిచేసి వెళ్ళిపోయేవారు.