చింతపండుతో తోమిన నాణేలు

కోరుట్ల, అక్టోబర్ 2011

బిడ్డా మంజులా, మేమంత మంచిగున్నం. నిన్న ఫోన్ల నీ మాట విన్నంక, అసలు సంగతి చెప్పాలెనని ఈ కార్డు రాస్తున్న.

మన పసుపు చేన్ల దొరికిన రాగి నాణేలకు మీ కాలేజీల చేసిన పరీక్షల చిలుము కనపడలేదని, అవి పాతయి కావని రిపోర్టుల రాస్తనన్నవు. గట్ల రాయకు. వాటి మీద పచ్చటి చిలుము మస్తుగుండె. నువ్వు తీసుకపోయే ముందటి శుక్రవారం దేవుని దీపాలతోపాటు వాటిని గూడ నేనే చింతపండు పెట్టి తోమిన. "అద్దాలు చేసినవు గదనే!" అని మీ నాయన నవ్విండు.

తోమకముందే బియ్యం గుమ్మి కిందికి దొర్లిన నాణెం ఒకటి ఇయ్యాల ఊడుస్తుంటే దొరికింది. మట్టితోనే కాగితంల చుట్టిన, బొట్టు గూడ పెట్టలేదు. సమ్మెకు బస్సులు బందున్నా సరే, జీపులు మారుకుంట వచ్చే ఆదివారం పట్టుకొస్త. అందాక నీ రిపోర్టు ఇయ్యకు.

హాస్టల్ల వంట బందైందట, ఏం తింటున్నవు? సర్వపిండి తెస్త. చలికి దుప్పటి ఉన్నదా?

ధర్మపురి నర్సింహస్వామి నిన్ను సల్లగ సూడాలె. తప్పు మా అమ్మదేనని మీ సారుకు చెప్పు. ఈ కార్డు మాత్రం దాచుకో, ఎవ్వరికి చూపెట్టకు. పోస్టాయన ఒక్కడు చదివింది చాలు.

మీ అమ్మ