సోమన్న కొట్టిన కిక్కు

పాడేరు. మంగళవారం, 1974.

మూడు నెలలుగా పెరట్లో తాతయ్య పాత మోటార్ సైకిలును విప్పి బిగించింది నేను. ఇవాళ దాన్ని పలికించింది మాత్రం జీపు తోలే సోమన్న. కార్బురేటరు కన్నంలో కొండచీపురు పుల్ల దూర్చి తుడిచి, ఒక్క కిక్కు కొట్టాడు, అంతే!

మామయ్య కూతురు గౌరి చప్పట్లు కొట్టింది. నేనెన్ని విప్లవ కరపత్రాలు చదివి వినిపించినా ఎప్పుడూ అలా నవ్వలేదు.

"బండి మాది!" అని అరిచాను.

"పని సేసినోడిదే సొత్తని సెప్పింది నువ్వు కాదేటి బావా?" అంటూ సోమన్న వెనక ఎక్కేసింది.

"బేగి ఒచ్చేత్తాం బాబూ," అన్నాడు వాడు.

కాదనడానికి ఏ కరపత్రమూ అక్కరకు రాలేదు. ఘాట్ రోడ్డు మధ్యలో పెట్రోలు అయిపోవాలని కసిగా కోరుకున్నాను. అయిపోతే ఇద్దరూ బండి తోసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఇంకా ఆలస్యంగా వస్తారని తర్వాత తట్టింది.