మూడో దెబ్బకు లేచిన భుజం

నీగాత,
నవంబరు 4

చెల్లి చినత్సుకి,

కవరు మీద నా పేరు చూసి చింపకుండానే పొయ్యిలో పడేస్తావేమోనని భయంగా ఉంది. పడేసినా నీ తప్పేం లేదు. పదహారేళ్ళయింది. చివరిసారి నీకు నేను రాసింది ఒక చీటీ: "శనివారం రింగు బల్లలు దింపాలి, పొద్దున్నే ఆరింటికల్లా రా" అని. నువ్వు ఆ శనివారం రాలేదు, ఇక ఎప్పటికీ రాలేదు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మన కుస్తీ కంపెనీ కగారిని మూసేస్తున్నాను. డిసెంబరు రెండో ఆదివారం మధ్యాహ్నం, చేపల సహకార సంఘం హాలులో ఆఖరి ఆట. ఆ రోజుతో నా కుస్తీ కూడా సరి. యాభై మూడేళ్ళొచ్చాయి. మెడ ఎడమవైపు తిరగదు. అటునుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పాలి. ఇంకా బూట్లు బిగించి దిగుతుందేమిటీ ముసలిది అని జనం అనుకునే రోజు కూడా దాటిపోయింది. ఇప్పుడు అసలు అనుకోవడమే మానేశారు.

మొన్న ఊరి స్నానాల ఇంటికి పోస్టరు పట్టుకెళ్ళాను. గల్లా దగ్గర ఆ ముసలావిడే ఉంది. కళ్ళజోడు పైకి తోసుకుని, "అయ్యో, మీ ఆడకుస్తీ ఇంకా నడుస్తోందా అమ్మా?" అంది. పాపం, ఎగతాళికి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఒకప్పుడు ఈవిడే ముందు వరసలో టికెట్టిస్తేగాని పోస్టరు అతికించనని పేచీ పెట్టేది, గుర్తుందా? తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. హాలు నిండినట్టు కనిపించాలని కుర్చీలు దూరం దూరంగా వేయిస్తున్నాను. ఆ దూరం ఎంత పెరిగిందంటే, పక్కవాడితో మాట్లాడాలంటే కేకెయ్యాలి. మంచి పిల్లలు రెండేళ్ళు నేర్చుకుని తోక్యోకి వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు మిగిలింది నలుగురు. అభిమానంతో రింగులోకి కాగితపు చుట్టలు విసిరేవాళ్ళు కూడా ఒక్కరే మిగిలారు, మంగలి కొసుగి గారు. రెండో వరసలో కూచుని, నా పేరు పిలవగానే నా రంగు ఎర్ర కాగితం విసురుతారు. ఇది వరకు తాళ్ళు దాటి నా కాళ్ళ దగ్గర విప్పుకునేది. ఇప్పుడు అంచు దాకా కూడా రావడం లేదు.

ఫోన్లలో ప్రపంచంలోని కుస్తీలన్నీ దొరుకుతుంటే నీగాత దాకా ఎవరొస్తారు అని అందరికీ చెబుతుంటాను. అది అబద్ధమేం కాదు. కానీ అసలు జబ్బు వేరే ఉంది. కగారి కూలడం ఏ రోజు మొదలైందో నాకు తెలుసు. నగావొకాలో, నేను నీ చేతిలో ఓడిపోవాల్సిన రోజున.

ఎవరు గెలవాలో ముందే అనుకుని దిగుతాం. తగిలే దెబ్బలు మాత్రం నిజం. అలాంటి పనిలో అనుకున్న మాట తప్పడమంటే దొంగతనం కన్నా ఘోరం. అక్కగా నీకు కుస్తీ నేర్పుతూ ఆ పాఠం చెప్పింది నేనే. ఛాంపియన్ బెల్టు నీకు అప్పగించాలని నిర్ణయించిందీ నేనే. నాకు ముప్ఫై ఏడు, నీకు ఇరవై ఆరు. నువ్వు పై తాడు మీంచి వెనక్కి పల్టీ కొట్టి నా మీద పడతావు, నా భుజాలు నేలకి ఆని ఉండగా రిఫరీ హిరమత్సు గారు నేలమీద మూడు దెబ్బలు కొడతారు, అయిపోతుంది. పల్టీ కొట్టావు. ఎంత బాగా కొట్టావే! నా మీద పడ్డావు. మొదటి దెబ్బ పడింది. హాలంతా చినత్సు, చినత్సు అని ఊగిపోతోంది. అదీ తట్టుకునేదాన్ని. తల పక్కకి వాలి ఉందేమో, తాళ్ళ సందులోంచి రెండో వరస కనిపించింది. కొసుగి గారు సంచిలోంచి పసుపు కాగితపు చుట్టలు తీస్తున్నారు. నీ రంగు! నువ్వు గెలిచిన క్షణంలో విసరడానికి ముందే కొని తెచ్చుకున్నాడు, నా మనిషి అనుకున్న ఆ పెద్దమనిషి. మూడో దెబ్బ పడేలోపు నా భుజం లేచింది. లేచింది అని రాస్తున్నాను చూశావా, ఇప్పటికీ భుజం మీదికి తోసేస్తున్నాను. నేనే లేపాను.

ఆ తర్వాత నిన్ను లాగి పడేసి నేనే గెలిచాను. అది కాదు నేను చేసిన పెద్ద పాపం. లోపల గదిలో పన్నెండుమంది ఆడపిల్లల ముందు, "నువ్వు సరిగ్గా బరువు పెట్టలేదు, నీ మోకాలు విరిగిందేమోనని భయపడి ఆట నేను లాక్కొచ్చాను" అన్నాను. నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మోకాళ్ళ మీద కూచుని నుదురు నేలకి ఆనించి, "తప్పయిపోయిందక్కా" అన్నావు. మన పద్ధతి ప్రకారం నిన్ను మళ్ళీ కొత్తపిల్లల పనికి దింపాను. ఎనిమిది నెలలు సంచులు మోశావు, బట్టలు ఉతికావు. మిగతా పిల్లలు అదంతా చూశారు. ఇక్కడ ఎంత కష్టపడినా ఈవిడ తన చోటు ఖాళీ చెయ్యదని అర్థమైపోయింది వాళ్ళకి. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చూసిందే మళ్ళీ చూడటానికి జనం మాత్రం ఎందుకొస్తారు?

నీ బరువంతా నా మీదే ఉంది, చినత్సూ. ఆ రోజు నేను చెప్పింది పచ్చి అబద్ధం. ఆఖరి రోజున మైకు పట్టుకుని అందరి ముందూ ఒప్పుకుందామనుకుంటున్నాను. ఆ తర్వాత నేను రింగు మధ్యలో నిలబడితే, రిటైరయ్యేవాళ్ళ కోసం పదిసార్లు కొట్టే గంట నువ్వు వచ్చి కొడతావా? అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నువ్వు కొట్టకపోతే నేను సరిగ్గా ముగించినట్టు కాదు.

నీ అక్క కాలేకపోయిన
తొమొయె


యొకొతె,
నవంబరు 17

తొమొయె అక్కకి,

మీ ఉత్తరం పొయ్యిలో పడేయలేదు గాని, పొయ్యిల గదిలోనే చదివాను. ఇది మాకు ఊరగాయ కోసం ముల్లంగికి పొగబెట్టే కాలం. కళ్ళల్లో నీళ్ళొస్తే పొగ వల్ల అనుకున్నారు పనివాళ్ళు. "ఎవరే రాసింది?" అని మా అమ్మ అడిగింది. "తొమొయె అక్క" అన్నాను. "ఆ రాక్షసా! ఇంకా బతికే ఉందా?" అంది. అమ్మకి మీ మీద ఇంకా కోపం పోలేదు. నాకు పోయిందని అనుకోకండి.

గంట నేను కొట్టను. మైకులో మీరేమీ చెప్పొద్దు కూడా. ఎందుకంటే మీ ఉత్తరంలో ఒక తప్పుంది.

నా బరువంతా మీ మీద ఉందని రాశారు. రెండో దెబ్బ దాకా ఉంది. ఆ తర్వాత కిందనుంచి మీ భుజం నెట్టింది. అప్పుడు నేను అరవై తొమ్మిది కిలోలు, మీ మెడ అప్పటికే సగం పోయింది. నొక్కిపట్టడం నాకు ఒక లెక్క కాదు. కానీ మీరు ఒక మాట అన్నారు. మీకు గుర్తులేదు కాబోలు. "ఇంకా కాదు" అన్నారు. పసిపిల్ల మారాం చేసినట్టు, నా చెవి పక్కనే. నాకు పదిహేడేళ్ళప్పుడు చెయ్యి విరిగితే నెల రోజులు అన్నం తినిపించిన మనిషి మీరు. చేప ముళ్ళు తీసి మరీ పెట్టేవారు. ఆ మనిషి ఇంకా కాదని బతిమాలుతుంటే నొక్కిపట్టడం నా వల్ల కాలేదు. మోచేతులు నేలకి ఆన్చి బరువు తీసేశాను.

లోపల గదిలో మీరు "బరువు పెట్టలేదు" అన్నప్పుడు నేను నోరెత్తకపోవడం అందుకే. అబద్ధం చెబుతున్నానని మీరనుకున్నారు. మీరు చెప్పింది నిజం అక్కా. నుదురు నేలకి ఆనించింది పద్ధతి కోసం కాదు. నిజంగానే తప్పు చేశాను.

సంచులు మోయించారని వెళ్ళిపోలేదు నేను. అదే ఆట మళ్ళీ పెడితే మళ్ళీ అలాగే వదిలేస్తానని తెలిసి వెళ్ళిపోయాను. ఇక్కడ పీపాలో ముల్లంగి సర్ది పైన పెద్ద రాయి పెడతాం. మొదటి ఏడాది ఒక పీపా మీద రాయి చాలా బరువనిపించి చిన్నది పెట్టాను. మొత్తం పీపా పాడైపోయింది. అమ్మ తిడుతుంటే దుకాణం వెనక్కి వెళ్ళి కూచుని ఏడ్చాను. పీపా కోసం ఏడుస్తున్నాననుకుంది ఆవిడ.

కగారిని మీరొక్కరే కూల్చేసినట్టు రాశారు. ఆ ఘనత కూడా మీకేనా? సగం నాది. ఆ రోజు నేను నొక్కిపట్టి ఉంటే మీరు నెల రోజులు నన్ను తిట్టి, తర్వాత నా పక్కన నిలబడి ఉండేవారు. మీ మంచి కోరుతున్నాననుకుని మీ ఇల్లే కూల్చాను.

ఆ ఆట ఇంకా అయిపోలేదు. హిరమత్సు గారు ఉన్నారుగా? ఆయన్నే రమ్మనండి. నా బూట్లు పైకప్పు కింద పెట్టెలో దొరికాయి, బూజు తుడిచాను. పల్టీ కొట్టలేను, మోకాలు అరిగింది. ఊరికే మీద పడతాను. ఇప్పుడు డెబ్బై ఎనిమిది కిలోలు, కాస్త అన్నం తిని రండి. మంచు ఎక్కువైతే మా వైపు రైళ్ళు ఆపేస్తారు, అందుకని నాలుగున్నర బండికి తిరిగి వెళ్ళిపోతాను. మూడు దెబ్బలు పడ్డాకనే ఆ పది గంటలు. ఎవరు కొడితేనేం?

చినత్సు


నీగాత,
డిసెంబరు 11

చెల్లి చినత్సుకి,

క్షేమంగా చేరావనుకుంటాను. నా పక్కటెముకలు మాత్రం క్షేమంగా లేవు. డెబ్బై ఎనిమిది అని రాశావు, నాకెందుకో నమ్మకం లేదు. బూట్ల తాళ్ళు కూడా విప్పకుండా పరుగెత్తావు స్టేషనుకి. మాట్లాడదామనుకున్నవి అన్నీ అలాగే ఉండిపోయాయి.

నూట పన్నెండు మంది వచ్చారు. వాళ్ళలో సగంమందికి నువ్వెవరో తెలియదు. మనం ఆడింది పాత ఆటకి మిగిలిపోయిన తోక అని తెలిసింది హిరమత్సు గారికి, మనిద్దరికీ మాత్రమే. నువ్వు మీద పడగానే ఆయన చెయ్యి ఎంత మెల్లగా లేచిందో! వయసు వల్ల కాదు, నాకు టైమిస్తున్నారు ఆ పెద్దాయన, అలవాటు ప్రకారం. రెండో దెబ్బకి నా భుజం నిజంగానే కదిలింది, చినత్సూ. సిగ్గు లేకుండా రాస్తున్నాను. అప్పుడు నా చెవిలో అన్నావు చూడు, "ఈసారి లేచారంటే చంపేస్తానక్కా" అని. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉండిపోయాను, మూడో దెబ్బ పడిపోయింది. ఓడిపోవడం అంత తేలికైన పని అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆ చప్పుడు తప్పించుకోవడానికి పదహారేళ్ళు, ఒక కంపెనీ, ఇంతమంది పిల్లల బతుకులు ఖర్చుపెట్టాను.

పది గంటలు మోగుతుంటే నువ్వు నా పక్కనే నిలబడ్డావు. పదోది మోగాక వంగి దండం పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయావు. ఆ తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

హాలు ఖాళీ అయ్యాక నేనూ పిల్లలూ రింగు విప్పుతున్నాం. నేను బల్లలు మోసి ఇరవై ఏళ్ళయింది. "అలా కాదక్కా, చెయ్యి నలుగుతుంది" అని పిల్లలు నవ్వుతున్నారు. తాళ్ళు విప్పబోతుంటే కొసుగి గారు కర్ర ఊతంగా వచ్చారు. దుకాణం మూసి మూడేళ్ళయింది, ఇప్పుడు చేతులు వణుకుతాయి. "ఆ పిల్లేది?" అన్నారు.

"రైలుకి వెళ్ళిపోయిందండి."

"అప్పుడే? నాకు దారం ముడి ఊడలేదమ్మా. అది గెలిచేసింది, నేనింకా ముడి విప్పుతూనే ఉన్నాను."

చేతిలో పసుపు కాగితపు చుట్టలు ఐదు. నగావొకాలో నేను చూసినవే. పారేయలేదు, ఇంకో రంగు వాడలేదు, ప్రతి ఆటకీ సంచి అడుగున పెట్టుకుని వచ్చేవారట, ఒకవేళ నువ్వు తిరిగొస్తే అని. పదహారేళ్ళూ సంచిలో పైన నా ఎర్ర కాగితాలు, అడుగున నీ పసుపువి. ఆయన అడిగారు, "రింగు ఒక్క నిమిషం ఉంచుతారా?" అని.

ఉంచాం. నలుగురు పిల్లలూ నాలుగు మూలల నిలబడ్డారు. ఆయన తన రెండో వరస చోటికి వెళ్ళి నిలబడి, "చినత్సూ!" అని అరిచి విసిరారు. ఐదూ గాల్లోనే విరిగిపోయాయి. కాగితం ఎండి అప్పడంలా అయిపోయింది కదా. ఒక్కటి కూడా విప్పుకోలేదు. ముక్కలు ముక్కలై మొదటి వరస కుర్చీల మీద రాలాయి, రింగు దాకా రాలేదు. కొసుగి గారు ముక్కలు చూసి, "కాస్త ఆలస్యమైంది" అన్నారు. నేను మోకాళ్ళ మీద కూచుని అన్నీ ఏరాను. పిల్లలు సాయం వస్తామంటే వద్దన్నాను.

ఒక ముక్క ఈ కవరులో పెడుతున్నాను. నెమ్మదిగా తియ్యి, ముట్టుకుంటే విరిగిపోతోంది.

నీ అక్క
తొమొయె